కడగని తుపాకి

ఉయ్యూరులో లేతు షెడ్డులో పంపు షాఫ్టులు తిప్పి తిప్పి రిటైరైన ముసలాణ్ణిగానే నన్ను చాలామంది ఎరుగుదురు. షెడ్డుకి పని నేర్చుకోడానికి వచ్చే ఐటీఐ కుర్రాళ్ళతో, నేను మొదట నేర్చుకున్నది తుపాకులు బాగుచేసే పని అంటే నవ్వుతారు. నిజమే చెబుతున్నాను. బందరులో లైసెన్సున్న ఒక చిన్న తుపాకుల షాపులో చాలాకాలం మెకానిక్కుగా చేశాను. నేను పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చుంటే, బడిపంతులైన మా నాన్నగారు ఇక వీడికి చదువు రాదని తేల్చుకుని, తనకు తెలిసిన ఆయన షాపులో పెట్టారు. ఆ షాపు యజమానిని ఊరంతా మేస్త్రిగారు అనేది. నేనూ అలాగే పిలిచాను. ఆ పని నుంచి నేను ఎలా బయటికొచ్చానో మీకు చెప్పాలనిపించింది. పేర్లు మాత్రం రాయను. ఇందులో కొందరు పోయారు, ఉన్నవాళ్ళకి పిల్లలున్నారు.

తొంభైలలో బంటుమిల్లి వైపు వరిచేలన్నీ ఒకటొకటిగా చేపల చెరువులైపోయాయి. చేప పిల్ల వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా పక్షుల బెడద. నీటికాకులు, కొంగలు, చలికాలం వస్తే గూడబాతులు. ఒక్కో గూడబాతు ముక్కు కింది సంచిలో ఎంత చేప పడుతుందో చూసినవాళ్ళకే తెలుసు. వాటిని తోలడానికి పెద్ద చెరువుల గట్ల మీద కాపలా మనుషులు ఉండేవాళ్ళు. వాళ్ళ చేతుల్లో మూతి వైపు నుంచి మందు కూరే పాతకాలపు తుపాకులు. గొట్టంలో ఇంత తుపాకి మందు పోసి, పైన కాగితం ఉండలు కూరి పేలిస్తే పెద్ద చప్పుడు, తెల్లటి పొగ. పక్షులు లేచిపోతాయి, చావవు. ఫారెస్టు వాళ్ళు చూసీ చూడనట్టు వదిలేసేది అంతవరకే. కాగితానికి బదులు సీసం గుళ్ళు వేసేవాళ్ళు అసలు లేరని మాత్రం అనను.

ఆ తుపాకులు కడగడం మా షాపులో అన్నిటికంటే చిన్నచూపు పని. కాబట్టి అది నాది. ఆ మందు కాలాక గొట్టం లోపల దట్టంగా మసి పేరుకుంటుంది. అది గాలిలోని చెమ్మని లాక్కుంటుంది. బందరు గాలి సంగతి మీకు తెలుసుగా, ఉప్పు డబ్బాలో ఉప్పే నీరుగారుతుంది. కడగకుండా వదిలేస్తే మర్నాటికల్లా గొట్టంలో తుప్పు మొదలు. కాపలావాళ్ళు కిరసనాయిలు గుడ్డతో తుడిచి అయిపోయిందనుకునేవాళ్ళు. దానికి కావలసింది కిరసనాయిలు కాదు, సలసల మరిగే నీళ్ళు. తుపాకిలో నీళ్ళు పోస్తావా అని కొత్తవాళ్ళు నన్ను ఎగాదిగా చూసేవాళ్ళు. గొట్టం విడదీసి, అడుగు భాగం బకెట్లో ముంచి, కడ్డీకి గుడ్డ చుట్టి పైకీ కిందికీ ఆడిస్తే సిరాలాంటి నీళ్ళు బయటికొచ్చేవి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. ఎంత సబ్బు పెట్టి రుద్దినా నా చేతుల్ని ఆ కంపు వదిలేది కాదు. అన్నం పెట్టేముందు మా ఆవిడ నా చేతులు వాసన చూసేది.

ఇంకొక్క సంగతి చెప్పి ఈ పాఠం ఆపేస్తాను. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తే, గుళ్ళు వేసి కాల్చారో లేదో తెలుస్తుంది. గుళ్ళు రాసుకుపోయిన చోట సీసం చారలు బూడిదరంగులో మెరుస్తాయి. అవి నీళ్ళకి పోవు, గీకాలి. కాగితం ఉండలు పేల్చిన గొట్టంలో ఆ చారలు ఉండవు. అయితే మసి ఉన్నంతసేపూ రెండు గొట్టాలూ ఒకేలా ఉంటాయి. కడిగితేనే తేడా.

నెలకోసారి పనిముట్ల సంచి భుజాన వేసుకుని చెరువుల వెంట తిరగడం నా ఉద్యోగంలో భాగం. బంటుమిల్లి దాకా బస్సు, అక్కణ్ణుంచి అద్దె సైకిలు. అటువైపు ఒక పెద్ద ఆసామికి చాలా చెరువులుండేవి. ఆయన దగ్గర కాపలా మనిషి నా ఈడువాడే. సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే ఊరు వాళ్ళది. వేటకెళ్ళిన అన్న తిరిగి రాకపోతే, తల్లి ఒట్టు పెట్టించుకుని వాడిచేత సముద్రం మాన్పించిందట. మొదటిరోజే నన్ను "బావా" అన్నాడు. నా కులం అడిగి కాదు, అందరినీ అలాగే అనేవాడు. నాకూ వాడు బావే అయిపోయాడు. నేను గొట్టం కడుగుతుంటే పక్కన గొంతుక్కూర్చుని కబుర్లు చెప్పేవాడు.

"సముద్రంలో ఈ పిట్టలే మాకు చేప జాడ చూపించేవి బావా. అవెక్కడ వాలితే అక్కడ వల వేసేవాళ్ళం. ఇక్కడేమో ఎక్కడ వాలితే అక్కణ్ణుంచి తోలుతున్నా. నన్ను చూసి ఇవేమనుకుంటాయో!" అని నవ్వేవాడు.

తుపాకి కొన్నది ఆసామి. లైసెన్సు మాత్రం వాడి పేర రాయించాడు. వాడు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకునేవాడు. "నా ఫోటో అంటించి గవర్నమెంటు స్టాంపు కొట్టింది ఇదొక్కటే బావా" అని నాకు చూపించాడు ఒకసారి. పక్షి చచ్చినా మనిషి చచ్చినా పోలీసులు ముందు ఆ ఫోటోలో ఉన్నవాణ్ణే పట్టుకుంటారని ఆసామికి తెలుసు. వాడికి తెలియదు. నాకు తెలిసీ తెలియనట్టుండేది.

ఆవేళ ఆదివారం. నేను సైకిలు దిగేసరికే చెరువు గట్టు మీది కాపలా షెడ్డు ముందు కారు ఉంది. ఆసామి అల్లుడు గుడివాడ నుంచి వచ్చాడన్నమాట. అతనికి రెండు గొట్టాల తూటాల తుపాకి ఉంది, అది మా షాపుకీ ఒకసారి వచ్చింది. తూటాల్లో ఉండేది వేరే మందు. దానికి ఇంత మసి ఉండదు, ఇంత కంపూ ఉండదు. నూనె గుడ్డతో ఓసారి లాగితే అద్దంలా అయిపోతుంది.

బావ పొద్దుటే నాలుగైదు సార్లు పేల్చి పక్షుల్ని తోలి, తుపాకి నా చేతికిచ్చాడు. నేను పొయ్యి వెలిగించి నీళ్ళ గిన్నె పెట్టాను. మేమిద్దరం అక్కడే ఉండగా దూరపు గట్టు వైపు నుంచి రెండు చప్పుళ్ళు వెంటవెంటనే వినిపించాయి. కాసేపాగి మళ్ళీ రెండు. మందు కూరే తుపాకితో అలా పేల్చడం ఎవరివల్లా కాదు.

నేను బావ మొహం చూశాను.

"అల్లుడుగారు సరదా పడుతున్నారు," అన్నాడు గొంతు తగ్గించి. "మనకెందుకులే బావా. నీళ్ళు కాగాయేమో చూడు."

పచ్చి సర్వి కట్టెలు, ఓ పట్టాన అంటుకోలేదు. నేను పొయ్యి ఊదుతూ ఉండగానే అల్లుడు వచ్చి, తుపాకి కారులో పెట్టి, నా వైపు కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. నీళ్ళింకా గోరువెచ్చగానే ఉన్నాయి. ఇంతలో అటువైపు రోడ్డు నుంచి ఫారెస్టు జీపు గట్టెక్కింది.

జీపులో రేంజరు, ఇద్దరు గార్డులు, గుడివాడ కాలేజీ లెక్చరరు ఒకాయన దిగారు. ఆ లెక్చరరు పక్షుల్ని చూడటానికి తరచూ ఆ చెరువులకి వచ్చేవాడట. చచ్చిన పక్షులు గట్ల మీద కనబడుతున్నాయని పిటిషను మీద పిటిషను పెట్టి, ఆ రోజుకి రేంజరుని వెంటబెట్టుకొచ్చాడు. దూరపు చెరువులో తేలుతున్న గూడబాతుల్ని గార్డులు పట్టుకొచ్చి మా ముందు పడేశారు. ఒకదాని రెక్క ఇంకా కదులుతోంది. లెక్చరరు దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూశాను. మంచివాడే. ఆయన మీద నాకెప్పుడూ కోపం లేదు.

రేంజరు గోడకి ఆనించి ఉన్న తుపాకి తీసుకుని మూతి దగ్గర ముక్కు పెట్టాడు. చిరాగ్గా మొహం తిప్పుకున్నాడు.

"ఇవాళే కాల్చారు."

"కాల్చాడండీ, పిట్టల్ని తోలడానికి. కాగితాలేనండీ, గుళ్ళు లేవు," అన్నాను.

"నువ్వెవరు?"

చెప్పాను. "ఒక్క పావుగంట ఆగండి సార్. నీళ్ళు కాగుతున్నాయి. మీ ఎదురుగానే కడిగి చూపిస్తాను. గుళ్ళు వేసుంటే సీసం చారలు కనబడతాయి. లేకపోతే మీకే తెలుస్తుంది."

రేంజరు నావైపు వింతగా చూశాడు. "సాక్ష్యాన్ని నా ఎదురుగానే కడిగేస్తానంటావేంటయ్యా?"

ఆయన స్థానంలో ఎవరున్నా అదే అనేవాళ్ళు. కడిగితే పోయేది మసే, అసలైన సాక్ష్యం దాని కింద ఉందని ఎంత చెప్పినా, కాపలావాడి తుపాకి శుభ్రం చేయడానికి తొందరపడుతున్న వాడి మాటలాగే ఉంటుంది. నేను ఇంకో తుపాకి సంగతి ఎత్తబోయాను. "సార్, ఇందాక ఇక్కడ..." అన్నానో లేదో, బావ మధ్యలోకి వచ్చాడు.

"ఆ తుపాకి నాదేనండీ. లైసెన్సుందండీ," అంటూ జేబులోంచి ఆ ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు. ఇస్తూ నావైపు చూసిన చూపుకి నేను నోరు మూసుకున్నాను.

పంచనామా రాశారు. తుపాకిని అప్పుడే పేల్చినట్టు మెకానిక్కు కూడా ఒప్పుకున్నాడని రాసి నాచేత సంతకం పెట్టించారు. అది అబద్ధం కాదు. గొట్టాన్ని గుడ్డలో చుట్టి లక్క సీలు వేస్తుంటే, కనీసం నూనె అన్నా పూయనివ్వమని బతిమాలాను. సీలు వేశాక ముట్టుకోకూడదన్నారు. జీపు బావని కూడా ఎక్కించుకుని వెళ్ళాక చూస్తే గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి.

ఆసామి ప్లీడరుని పెట్టి బావని బెయిలు మీద తీసుకొచ్చాడు. మళ్ళీ చెరువు మీదే పెట్టుకున్నాడు, తుపాకి లేదు కాబట్టి ఖాళీ డబ్బాలు కొట్టి పక్షుల్ని తోలమన్నాడు. ఆసామి ఎంత ధర్మాత్ముడో అని బందరులో కూడా అనుకున్నారు.

సాక్ష్యానికి రమ్మని నాకు సమను వచ్చిన రోజు మేస్త్రిగారు షాపు తలుపు దగ్గరగా వేసి కూర్చోబెట్టారు. ఎప్పుడూ నామీద గొంతు లేపని మనిషి.

"చూడరా, ఆ ఆసామీ, ఆయన చుట్టాలూ, వాళ్ళ చెరువుల తుపాకులన్నీ మన దగ్గరికే వస్తాయి. అవి ఆగిపోతే ఈ షాపులో ఏముంది? వాళ్ళ ప్లీడరు కేసు కొట్టించేస్తాడట. అడిగినదానికి అవును, కాదు అని చెప్పి దిగిరా. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు."

సరేనండీ అన్నాను. ఆ రోజు నిజంగానే అలా అనుకున్నాను.

కేసు విచారణకి వచ్చేసరికి, బావని పట్టుకెళ్ళాక రెండు వానాకాలాలు గడిచాయి. కోర్టు హాల్లో బావ వెనక బెంచీ మీద భార్యతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నా పేరు పిలిస్తే బోను ఎక్కాను. సర్కారు ప్లీడరు తుపాకి తెప్పించి, సీలు విప్పించి నా ముందు పెట్టించాడు. నేను ఎన్నిసార్లు కడిగి నూనె పూసిన గొట్టమో అది. లోపల ఎర్రటి తుప్పు పొలుసులు పొలుసులుగా లేస్తోంది. వంచితే పొడి రాలి బల్ల మీద పడింది.

"ఆ రోజు ఈ తుపాకి పేల్చారా?"

"పేల్చారండి."

"పేల్చినట్టు నీకెలా తెలుసు?"

"మసి, వాసనండి. పొద్దుటే పేల్చానని అతనూ చెప్పాడండి."

అక్కడితో దిగిపోవలసింది. సర్కారు ప్లీడరు కూడా కూర్చోబోయాడు. కానీ ఆ గొట్టాన్ని అలా చూశాక నావల్ల కాలేదు. "కానీ అందులో గుళ్ళు వేయలేదండి," అన్నాను.

ఆసామి పెట్టిన ప్లీడరు చటుక్కున లేచాడు. బావ తరఫు మనిషి కదా, నన్ను పొడిగించి అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"గొట్టం కడిగి చూశావా?"

"చూడనివ్వలేదండి."

"ఇప్పుడు చూసి చెప్పగలవా?"

"ఇప్పుడు లోపలంతా తుప్పేనండి. ఏమీ కనబడదు."

"అయితే నీ మాట ఉత్త ఊహ. చాలు."

జడ్జిగారు మాత్రం చాలనుకోలేదు. కళ్ళజోడు తీసి నన్నే చూస్తూ అడిగారు. "ఇతను గుళ్ళు వేయలేదని అంత గట్టిగా ఎలా చెబుతున్నావు? మరి ఆ పక్షులు ఎలా చచ్చాయి?"

నేను చెప్పేశాను. "తుపాకి నా చేతికిచ్చి అతను నా పక్కనే ఉండగా దూరపు గట్టు మీద రెండేసి చప్పుళ్ళు వినబడ్డాయండి. ఆ రోజు చెరువు మీద ఇంకో తుపాకి ఉందండి, తూటాలది."

ఎవరిదని ఆయన అడిగేలోపే ఆసామి ప్లీడరు ఏదో అభ్యంతరం లేవదీసి, వాయిదా కావాలన్నాడు. కేసు వాయిదా పడింది. బోను దిగుతుంటే లోపల ఏదో గర్వం. బావ భుజం మీద చెయ్యి వేద్దామని వెళ్ళాను. వాడు భార్య చెయ్యి పట్టుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

వాయిదా రోజు నాకు కోర్టులో పని లేదు. ఉండబట్టలేక వెళ్ళాను. ఆసామి ప్లీడరు లేచి, నిందితుడు నేరం ఒప్పుకుంటున్నాడని చెప్పాడు. జడ్జిగారు నమ్మలేనట్టు బావని దగ్గరికి పిలిచి, ఎవరి బలవంతమూ లేదుగా అని అడిగారు.

"లేదండీ. నేనే కొట్టానండీ," అన్నాడు వాడు నేల చూస్తూ. "గుళ్ళేసి కొట్టానండీ."

వాడికి జైలు పడింది. ఫారెస్టు రేంజరు బయట వరండాలో నన్ను చూసి, "ఏమయ్యా మెకానిక్కూ, నీ కాగితం ఉండలు ఏమయ్యాయి?" అని నవ్వాడు. లెక్చరరు గారు మాత్రం నవ్వలేదు. నా మొహంలోకి చూసి వెళ్ళిపోయారు.

తర్వాత్తర్వాత ఆసామి గుమాస్తా ద్వారా నాకు అసలు సంగతి తెలిసింది. గొట్టం తుప్పుపట్టిపోయింది, కాల్చడం కళ్ళారా చూసినవాళ్ళు లేరు, కేసు దానంతటదే పడిపోతుందని ప్లీడరు మొదటినుంచీ అంటున్నాడట. నా మాటతో ఇంకో తుపాకి సంగతి బయటికొచ్చేసరికి, అల్లుడి దాకా పాకకముందే ఆ కేసు మూసేయాలనుకున్నారు. మూయడానికి ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. జైలునుంచి వచ్చాక చెరువుల మీద పర్మినెంటు పని ఇస్తామనీ, అంతదాకా ఇల్లు చూసుకుంటామనీ వాడికి మాటిచ్చారు. పైగా, నాచేత ఆ మాట చెప్పించింది వాడేనని ఆసామికి అనుమానం. ఒప్పుకుంటేనే ఆ అనుమానం పోతుందని కూడా చెప్పారట. వాడు బయటికొచ్చేసరికి ఆ పనిలో ఇంకెవరో ఉన్నారు. ఒకటి రెండు నెలలు వలలు ఉతికించుకుని, పని లేదు పొమ్మన్నారు.

మా షాపుకి తుపాకులు రావడం ముందు తగ్గింది, ఆనక ఆగింది. మేస్త్రిగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒకరోజు నా పనిముట్ల సంచి తెచ్చి నా ముందు పెట్టి, "ఇవి నువ్వే ఉంచుకో. నీది తప్పని నేననను రా. కానీ నువ్వు ఉన్నంతకాలం వాళ్ళు రారు," అన్నారు. అంత పెద్దాయన కళ్ళు తుడుచుకుంటుంటే సంచి భుజాన వేసుకున్నాను. ఉయ్యూరు వచ్చి లేతు పనిలో చేరాను. నన్ను పంపించాక కూడా వాళ్ళు పెద్దగా రాలేదు. మేస్త్రిగారు పోయాక ఆ షాపులో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు.

ఆసామి అల్లుడు ఒకసారి మా లేతు షెడ్డుకే వచ్చాడు, చెరువు మోటారు షాఫ్టు వంగిపోతే సరిచేయించుకోడానికి. నన్ను గుర్తుపట్టలేదు. నన్ను ఎప్పుడు చూశాడు గనక గుర్తుపట్టడానికి! "మీరు దగ్గరుండి చేయండి, పెద్దాయనా, కుర్రాళ్ళకివ్వకండి," అని మర్యాదగానే అడిగాడు. దగ్గరుండి చేశాను. వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. పని చెడగొట్టడం నాకు చేతకాదు. అతను వెళ్ళాక చేతులు కడుక్కుని, ఆ పూట అన్నం తినలేకపోయాను.

మీలో ఎవరైనా అడగవచ్చు, మళ్ళీ ఆ బోను ఎక్కిస్తే ఏం చెబుతావని. చాలాసార్లు అనుకున్నాను. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. నిజం చెప్పినవాడికి నిద్ర బాగా పడుతుందని మా నాన్నగారు నమ్మేవారు. ఆయన బడి దాటి బయట పని చేయలేదు.

రిటైరయ్యాక ఒకసారి బావని చూడటానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. అంతకాలం ఎందుకు వెళ్ళలేదంటే, వెళ్ళే మొహం లేక. వాడు తల్లి పోయాక మళ్ళీ సముద్రానికి వెళ్ళడం మొదలుపెట్టాడట. ఇప్పుడు అదీ మానేసి, ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. భార్య చేపల గంప దించుకుని అప్పుడే బజారునుంచి వచ్చింది. నన్ను చూసి లోపలికి వెళ్ళి మంచినీళ్ళ చెంబు తెచ్చిచ్చింది. వాడు కూర్చోమని అనలేదు. నేనే కూర్చున్నాను.

మాట కూడా నేనే మొదలెట్టాను.

"నీకు మంచి చేద్దామనే చెప్పాను బావా."

"తెలుసు."

"నువ్వు కొట్టలేదు. కొట్టానని ఎందుకు చెప్పావు?"

"నీలాగే అవతలివాళ్ళు కూడా నాకు మంచి చేస్తామన్నారు," అన్నాడు. సూది ఆపి, మొదటిసారి నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, అలసట ఉంది. "ఆ రోజు బోనెక్కే ముందు, నేను అక్కడే బెంచీ మీదున్నాగా. ఒక్క మాట నన్నడగొచ్చుగా బావా, ఇలా చెబుతున్నానని?"

"అడిగితే చెప్పొద్దనేవాడివి."

"అవును," అన్నాడు. "చెప్పొద్దనేవాణ్ణే."

మళ్ళీ వల మీదికి వంగాడు. చెంబులో నీళ్ళు తాగి, లేచి, బందరు బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.